సంక్రాంతి కబడ్డీలో తమ్ముడి మోకాలు ‘టప్’ మంది, ఏం చేయాలి?

తెనాలి_అన్న | 19 జనవరి 2024

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. మా తమ్ముడికి 21 ఏళ్ళు, నాలుగేళ్ళ డిగ్రీలో రెండో సంవత్సరం. కబడ్డీలో రైడర్, అంటే కూతకు వెళ్ళేవాడు. కనుమ నాడు మా ఊరి పోటీల ఫైనల్లో డూ ఆర్ డై రైడ్‌కి (పాయింట్ తేకపోతే ఔటే) వెళ్ళాడు. అవతలి జట్టు ఎడమ కార్నర్ కుర్రాడు చీలమండ పట్టేశాడు. వీడు గీత అందుకుందామని ఒళ్ళంతా మెలితిప్పాడు. అదే సమయంలో వాళ్ళ కవర్ డిఫెండర్ పక్కనుంచి డాష్ ఇచ్చాడు, అంటే గుద్ది నెట్టాడు. టప్‌మని చప్పుడు, గట్టు మీద కూర్చున్న నాకే వినపడింది.

లేచి తనే నడిచి బయటికొచ్చాడు. నీళ్ళు కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టాం. ఇంటికి చేరేసరికి మోకాలు బోండంలా అయింది. మర్నాడు ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదన్నారు. ఇప్పుడు నొప్పి సగం తగ్గింది. వాడేమో "వచ్చే ఆదివారం పక్కూరి మ్యాచ్ ఉంది, ఆడతా" అంటున్నాడు. ఊళ్ళో ఒకాయన లాగి సరిచేస్తానంటున్నాడు, నాన్నేమో పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_కార్నర్ | 19 జనవరి 2024

బాబూ, ఆ మ్యాచ్ ఆడనివ్వొద్దు. ముందు ఆ పని చెయ్యి, మిగతావి తర్వాత.

నేను ఇప్పుడు కరీంనగర్ జిల్లాలో పీఈటీని. 1998లో నాకూ అచ్చం ఇలాగే అయింది. చప్పుడు, వాపు, ఎక్స్‌రే నార్మల్. వాపు దిగగానే మూడు వారాలకు కోర్టులో దిగాను. తిన్నగా పరుగెత్తితే ఏమీ లేదు. తిరిగినప్పుడు మాత్రం పై కాలు ఒకవైపు, కింది కాలు ఇంకోవైపు జారినట్టు అయ్యేది. అలా జారిన ప్రతిసారీ లోపలున్న మెత్త, మెనిస్కస్ అంటారు చూడండి, అది నలిగిపోయింది. 24 ఏళ్ళకే ఆట వదిలేశాను. ఇప్పటికీ కింద కూర్చోలేను, గుళ్ళో కూడా కుర్చీ అడుగుతాను. అప్పట్లో నాకు ఫిజియోథెరపీ అనే మాట చెప్పినవాళ్ళే లేరు.

ఫిజియో_ఓరుగల్లు | 19 జనవరి 2024

తెనాలి అన్నగారూ, నేను హనుమకొండలో ఫిజియోథెరపిస్టుని. చూడకుండా ఇదీ అని తేల్చలేను గానీ, మీరు రాసినవాటిలో మూడు సంగతులు నన్ను ఆపాయి. కాలు నేల మీద ఉండగా ఒళ్ళు తిరగడం, టప్‌మనడం, గంటల్లోనే మోకాలు నిండా ఉబ్బడం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే, కాదని తేలేదాకా ఏసీఎల్ తెగిందనే అనుకోవాలి. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారకుండా, మెలిపడకుండా పట్టి ఉంచే లిగమెంట్ (గట్టి పట్టీ లాంటిది) అది. దానికి రక్తనాళాలు ఉంటాయి కాబట్టి తెగితే కీలు లోపల రక్తం చేరుతుంది. అందుకే అంత త్వరగా వాచింది. నడవగలిగాడు కదా అని ధైర్యపడొద్దు, ఏసీఎల్ తెగినవాళ్ళు చాలామంది నడిచే బయటికొస్తారు. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. ఆర్థోపెడిక్ డాక్టరు మోకాలిని కొంచెం మడిచి, కింది కాలిని ముందుకు లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. రాస్తారు.

ఈలోగా ఎవరినీ లాగనివ్వకండి. మర్దన, వేడి కాపడం, నూనెలు వద్దు. తడిగుడ్డలో మంచు చుట్టి 15 నిమిషాల చొప్పున పెట్టండి. అది నొప్పి తగ్గించడానికే, తెగినదాన్ని అతికించదు. కాలు ఎత్తులో ఉంచండి. పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి.

ఇంకొకటి, దయచేసి దీన్ని మర్చిపోకండి. మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగా ఉంటుందని ప్రతి ఇంట్లో అమ్మలు పెట్టేది అదే. మోకాలు వంగి ఉండటానికి అలవాటు పడిపోతే తర్వాత తిన్నగా చాపడానికి నెలలు పడుతుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో వేలాడాలి.

పిక్క వాచి నొప్పి పుట్టినా, పాదం చల్లబడినా, మోకాలు ఒకచోట బిగుసుకుపోయి కదలకపోయినా రేపటిదాకా ఆగకండి.

కడప_కుర్రాడు | 20 జనవరి 2024

మేడమ్, పుత్తూరు కట్టును తక్కువ చేయొద్దు. మా తాతకు మణికట్టు విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి కట్టారు. చక్కగా అతుక్కుంది. మా వైపు అందరం పుత్తూరుకే పోతాం.

ఫిజియో_ఓరుగల్లు | 20 జనవరి 2024

తక్కువ చేయడం లేదు తమ్ముడూ. ఎముక ముక్కలు కదలకుండా పట్టి ఉంచితే అతుక్కుంటాయి, బద్దలు కట్టినా సిమెంటు కట్టు వేసినా సూత్రం అదే. ఏసీఎల్ సంగతి వేరు. అది కీలు మధ్యలో, జిగురు ద్రవంలో ఉంటుంది. పూర్తిగా తెగితే రెండు కొసలు దూరమైపోయి మామూలుగా వాటంతటవి కలవవు. బయట ఎంత గట్టిగా కట్టినా లోపల ఆ కొసల్ని పట్టుకునేది ఏమీ ఉండదు. పైగా నెల రోజులు కట్టులో ఉంచితే మోకాలు బిగుసుకుంటుంది, తొడ కండరం కరిగిపోతుంది.

తెనాలి_అన్న | 27 జనవరి 2024

మేడమ్, మీరన్నదే అయింది. ఎం.ఆర్.ఐ.లో ఏసీఎల్ పూర్తిగా తెగిందని, లోపలివైపు మెనిస్కస్‌లో చిన్న చిరుగు ఉందని వచ్చింది. గుంటూరు డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. కానీ వెంటనే కాదట, నెల రోజులు ఫిజియోథెరపీ చేయించి రమ్మన్నారు. తెగినదాన్ని వెంటనే కుట్టకుండా ఈ ఆలస్యం ఎందుకో నాన్నకు అర్థం కావడం లేదు. ఇంకో సంగతి, దిండు నిజంగానే మోకాలి కింద ఉంది. మీ మెసేజ్ చదవగానే తీసేశాను.

ఫిజియో_ఓరుగల్లు | 27 జనవరి 2024

నాన్నగారికి ఇలా చెప్పండి. వాచి, బిగిసి ఉన్న మోకాలికి ఆపరేషన్ చేస్తే అది మరింత బిగుసుకుంటుంది. వాపు దిగి, కాలు పూర్తిగా చాపగలిగి, తొడ కండరం పట్టు ఇస్తున్నప్పుడు చేస్తే తర్వాత కోలుకోవడం తేలిక. మీ డాక్టరు గారు సరిగ్గా చెప్పారు. మెనిస్కస్ చిరుగు పెద్దదై మోకాలు లాక్ అయితే మాత్రం లెక్క మారుతుంది, అది వారు చూసుకుంటారు.

ఇంకోటి, ఇది కుట్టడం కాదు. తొడ వెనక కండరాల స్నాయువు (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది) గానీ, మోకాలి చిప్ప కింది స్నాయువులో కొంత ముక్క గానీ తీసి, ఎముకల్లో సొరంగాలు చేసి కొత్త లిగమెంట్ వేస్తారు. ఏ ముక్క తీస్తారో డాక్టరు గారిని అడగండి. చిప్ప కింద నుంచి తీస్తే కొందరికి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నొప్పి ఉంటుంది. తొడ వెనక నుంచి తీస్తే కొన్ని నెలలు అక్కడ బలం తగ్గుతుంది. రైడర్ కాబట్టి రెండిటి గురించీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి.

ఏసీఎల్ తెగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వ్యాయామాలతోనే మామూలు జీవితం గడిపేవాళ్ళు ఉన్నారు. కానీ 21 ఏళ్ళవాడు మళ్ళీ కబడ్డీ ఆడాలంటే, ఆ మెలికలకు లిగమెంట్ కావాలి.

డాలస్_తెలుగు | 28 జనవరి 2024

అన్నా, నాది జుజుట్సు, కుస్తీ లాంటి ఆట. నాకు రెండేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయింది. ఇక్కడ నా ఇన్సూరెన్స్ ఫిజియోథెరపీకి ఏడాదికి కొన్ని విజిట్లే ఇచ్చింది, నాలుగో నెల దాటకుండానే అయిపోయాయి. అసలు కష్టమైన భాగం అక్కడే మొదలవుతుందని అప్పుడు తెలీదు. నొప్పి ఉండదు, కుంటు ఉండదు, చూసేవాళ్ళకు బాగైనట్టే ఉంటుంది. రోజూ అవే వ్యాయామాలు, ఎవరూ అడగరు. నేను ఆ నెలల్లో బద్ధకించాను, దానికి ఆర్నెల్లు ఎక్కువ పట్టింది. మీ విజిట్లను మొదట్లోనే ఖర్చు పెట్టేయకండి. నెలకోసారి చూపించుకునేలా చివరిదాకా దాచుకోండి.

విశాఖ_పంచ్ | 2 ఫిబ్రవరి 2024

ఈ చర్చ చూసి అకౌంట్ తెరిచాను. నేను బాక్సర్‌ని. మోకాలు కాదు, నాది భుజం. 2019లో స్పారింగ్‌లో (ప్రాక్టీసు పోటీలో) కుడి గూడ జారింది. అక్కడే ఉన్న సీనియర్ ఒకాయన లాగి లోపలికి నెట్టేశాడు. నెల తర్వాత మళ్ళీ రింగ్‌లోకి వెళ్ళాను. ఏడాదిలో మూడుసార్లు జారింది. ఆఖరిసారి జడ వేసుకోవడానికి చెయ్యెత్తితే జారింది.

గూటి అంచున ఉండే మెత్తటి వలయం చిరిగిపోయిందన్నారు. కుర్రతనంలో మొదటిసారి జారినవాళ్ళకు మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువట, అది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు స్లింగ్. తర్వాత వేళ్ళతో గోడ మీద చీమలా పాకడం. మా వంటింటి గోడ మీద రోజుకో పెన్సిల్ గీత పెట్టేదాన్ని. ఒక్కోసారి వారమంతా గీత కదిలేది కాదు.

బాక్సర్ నిఖత్ జరీన్ గురించి అందరికీ తెలుసు కదా. 2017లో ఆమెకూ భుజం జారి, ఆపరేషన్ అయి, దాదాపు ఏడాది ఆటకు దూరమైంది. 2022లో ప్రపంచ ఛాంపియన్, 2023లో మళ్ళీ. నిజామాబాద్ అమ్మాయి చేసింది కదా అని నేను రోజూ గోడ దగ్గరికి వెళ్ళేదాన్ని. మీ తమ్ముడికి కబడ్డీ రైడర్ పవన్ సెహ్రావత్ సంగతి చెప్పండి. 2022లో ప్రో కబడ్డీలో తమిళ్ తలైవాస్ జట్టుకి మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. ఏడాది తిరిగేసరికి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇండియా కెప్టెన్‌గా స్వర్ణం తెచ్చాడు. 2023-24 సీజన్లో మన తెలుగు టైటాన్స్ కెప్టెన్‌గా దిగాడు.

తెనాలి_అన్న | 4 మార్చి 2024

ఫిబ్రవరి 24న ఆపరేషన్ అయింది. తొడ వెనక నుంచి తీసి వేశారు, మెనిస్కస్ కూడా కుట్టారు.

ఈ వారం రోజుల్లో మమ్మల్ని బాగా భయపెట్టిన సంగతి రాస్తాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది. రెండో రోజు ఫిజియో వచ్చి మోకాలి కింద చిన్న టవల్ చుట్ట పెట్టి, "తొడ బిగించి దాన్ని కిందికి నొక్కు" అన్నారు. తమ్ముడు కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు. కాల్లో ఏమీ కదల్లేదు. కుడి తొడ రాయిలా బిగుస్తోంది, ఎడమది పరుపులా పడి ఉంది. "అన్నా, అది నా కాలే కాదురా" అని ఏడ్చాడు. పదిహేనేళ్ళ తర్వాత వాడు ఏడవడం చూశాను. ఫిజియో మాత్రం కంగారు పడకుండా చిప్ప పైన వేళ్ళతో తడుతూ, "ఇక్కడ, ఇక్కడ" అంటూనే ఉన్నారు. గంటకోసారి పది సార్లు చేయమన్నారు. ఆరో రోజు పొద్దున మోకాలి చిప్ప పైకి కొంచెం జరిగింది, బియ్యపు గింజంత. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

ఫిజియో_ఓరుగల్లు | 4 మార్చి 2024

ఇది చాలామందికి జరుగుతుంది, భయపడొద్దని తమ్ముడికి చెప్పండి. వాపు, నొప్పి ఉన్న కీలు నుంచి వచ్చే సంకేతాల వల్ల మెదడే ఆ కండరాన్ని తగ్గించి పెడుతుంది. కాపాడటానికి చేసే పనే అది. బలహీనత కాదు, భయమూ కాదు. అందుకే ముందు వాపు దించి, కండరాన్ని మేలుకొలుపుతాం. కొన్నిచోట్ల చిన్న కరెంటు స్టిమ్యులేషన్ కూడా పెడతారు, బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మీ లక్ష్యం ఒక్కటే, మోకాలు పూర్తిగా చాపడం. మంచం మీద బోర్లా పడుకుని, మోకాలి దగ్గర్నుంచి కాలు మంచం బయటికి వేలాడదీసి ఐదు నిమిషాలు ఉంచండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని వెనక నుంచి చూడండి. మెనిస్కస్ కుట్టారు కాబట్టి ఎంతవరకు మడవాలో, కాలి మీద ఎంత బరువు వేయాలో మీ సర్జన్ చెప్పిన హద్దు దాటకండి. అది అందరికీ ఒకేలా ఉండదు, నెట్‌లో వీడియోలు చూసి చేయకండి.

జూడో_అమ్మ | 21 ఏప్రిల్ 2024

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హైదరాబాద్. మా బాబుకి 13 ఏళ్ళు, జూడో నేర్చుకుంటున్నాడు. నిన్న విసిరినప్పుడు తల వెనక మ్యాట్‌కి తగిలింది. స్పృహ తప్పలేదు. కానీ కాసేపు స్కోరు ఎంతో చెప్పలేకపోయాడు, ఇవాళ వెలుతురు చూస్తే తలనొప్పి అంటున్నాడు. కోచ్ ‘ఏం కాదు, రేపు పంపండి’ అన్నారు.

ఫిజియో_ఓరుగల్లు | 21 ఏప్రిల్ 2024

అక్కా, రేపు పంపకండి. ఇవాళే డాక్టరుకు చూపించండి. కంకషన్ (తల దెబ్బకు మెదడు అదరడం) అవడానికి స్పృహ తప్పాల్సిన పని లేదు. కాసేపు తికమక పడటం, వెలుతురు భరించలేకపోవడం చాలు. వాంతులు పదేపదే వచ్చినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, చెయ్యీ కాలూ తిమ్మిరెక్కినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అవేమీ లేకపోతే డాక్టరు చూశాక మొదటి ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండనివ్వండి. చీకటి గదిలో బంధించక్కర్లేదు. ఇంట్లో నడవొచ్చు, ఫోను, టీవీ తగ్గించాలి. ముందు బడి, తర్వాత తేలిక వ్యాయామం, ఆ తర్వాత ఎవరూ తగలకుండా ప్రాక్టీసు, చివర్న డాక్టరు ఒప్పుకున్నాక విసురుళ్ళు. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. లక్షణాలు పెరిగితే ఒక మెట్టు దిగాలి. తల కుదుటపడకముందే రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం, పిల్లల్లో మరీను.

పాత_కార్నర్ | 21 ఏప్రిల్ 2024

అమ్మా, నేను కూడా ఒక కోచ్‌గా చెప్తున్నాను. మేం ‘ఏం కాదు’ అనేది ధైర్యం చెప్పడానికి. అది వైద్యం కాదు. ఆ మాట విని పంపొద్దు. నేనూ ఎంతోమంది పిల్లలకి ఆ మాట చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

జూడో_అమ్మ | 23 మే 2024

ఆ రోజే చూపించాం. కంకషన్ అన్నారు. నాలుగు వారాల తర్వాత నిన్నే మళ్ళీ మ్యాట్ ఎక్కాడు. మీ ఇద్దరికీ నా దండాలు.

తెనాలి_అన్న | 2 జూన్ 2024

మూడు నెలలు దాటింది. మా ఊరి నుంచి గుంటూరు వెళ్ళి రావడానికి పూట పోతుంది, అందుకని వారానికి ఒక్కసారే వెళ్తున్నాం. మిగతా రోజులు ఇంట్లోనే. సాగదీయడానికి పాత సైకిల్ ట్యూబు కోసి మంచం కోడుకి కట్టాం. బరువుకి ఇసుక సంచి, ఎక్కి దిగడానికి అరుగు. ఫిజియో చూసి, రబ్బరు బ్యాండు కన్నా ట్యూబే గట్టిగా ఉందన్నారు. అమ్మ జాకెట్లు కుడుతుంది, ఆ టేపుతోనే ప్రతి ఆదివారం చిప్ప పైన జానెడు ఎత్తులో రెండు తొడలూ కొలుస్తుంది. మొదట్లో 4 సెంటీమీటర్ల తేడా ఉండేది, ఇప్పుడు రెండున్నర. క్యాలెండర్ వెనక రాస్తోంది.

నిన్నటి నుంచి జాగింగ్ మొదలుపెట్టించారు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక.

తెనాలి_అన్న | 23 జులై 2024

చెప్పుకోవాలంటే మనసు రావడం లేదు. మొన్న నేను పని మీద విజయవాడ వెళ్ళినప్పుడు వీడు పక్కూళ్ళో మ్యాచ్ ఆడాడు. మావాళ్ళు ఓడిపోతుంటే ‘ఒక్క రైడ్’ అని దింపారట. ఎవరూ పట్టలేదు, బోనస్ గీత దాటి పాయింట్ తీసుకుని వచ్చేశాడు. రాత్రికి మోకాలు వాచింది. అమ్మకు కూడా చెప్పలేదు, టేపు పట్టుకోబోతే ఇవాళ వద్దన్నాడు. దానితో దొరికిపోయాడు. నాకు ఎంత కోపం వచ్చిందో, అంత భయమూ వేసింది. ఐదు నెలలు వాడు పడిన కష్టం అంతా నా కళ్ళ ముందు తిరిగింది.

ఫిజియో_ఓరుగల్లు | 23 జులై 2024

ముందు సర్జన్‌కు చూపించండి. లిగమెంట్ గట్టిగానే ఉందో లేదో చేత్తో చూసి చెప్తారు.

తమ్ముడితో ఈ మాట నేరుగా చెప్పాలనిపిస్తోంది. బాబూ, నీ కాల్లో పెట్టింది స్నాయువు ముక్క. పెట్టిన కొత్తలో దానికి రక్తప్రసారం ఉండదు, లోపల పాత కణాలు పోయి కొత్తవి చేరతాయి. పెట్టిన రోజు ఉన్నంత బలం రెండు మూడు నెలలప్పుడు ఉండదు, అప్పుడే అది అన్నిటికన్నా బలహీనం. ఆ తర్వాత మెల్లగా గట్టిపడుతూ ఏడాది దాటాక కూడా ముదురుతూనే ఉంటుంది. నొప్పి ఆ లోపలి సంగతి నీకు చెప్పదు. నొప్పి లేదు కదా అని నువ్వనుకున్న రోజుకీ, అది నిన్ను మోయగలిగే రోజుకీ మధ్య చాలా నెలలు ఉన్నాయి. తొమ్మిది నెలల లోపు మెలికల ఆటలకు వెళ్ళినవాళ్ళలో మళ్ళీ తెగడం చాలా ఎక్కువ. చిన్న వయసువాళ్ళకు మరీ ఎక్కువ, రెండో కాలికి కూడా.

విశాఖ_పంచ్ | 24 జులై 2024

అన్నా, తిట్టకండి. నాకు తెలుసు ఆ కుర్రాడి బాధ. టీమ్ ఓడిపోతుంటే గట్టు మీద కూర్చోవడం ఆపరేషన్ కన్నా కష్టం. ఏదో ఒక పని ఇవ్వండి టీమ్‌లో. నేను కోలుకునేటప్పుడు మా కోచ్ నాకు స్టాప్‌వాచ్ ఇచ్చి జూనియర్ల రౌండ్లు చూడమన్నారు. రోజూ గ్లవ్స్ వాసన తగిలేది, అదే నన్ను నిలబెట్టింది.

తెనాలి_అన్న | 30 జులై 2024

లిగమెంట్ గట్టిగానే ఉందన్నారు. రెండు వారాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. విశాఖ చెల్లెమ్మ చెప్పినట్టే చేశాం. ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకు సాయంత్రం ఫుట్‌వర్క్ నేర్పిస్తున్నాడు. వాళ్ళ ముందు కుంటకుండా నడవాలని పొద్దున్నే లేచి వ్యాయామాలు చేసుకుంటున్నాడు.

తెనాలి_అన్న | 13 అక్టోబర్ 2024

వచ్చే వారం యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్. ఏడున్నర నెలలు అయింది. అన్నీ బాగా చేస్తున్నాడు. నిన్న పరీక్షలు పెట్టారు. ఒంటి కాలి మీద గెంతితే కుడికాలు 175 సెంటీమీటర్లు, ఎడమకాలు 147. మెషీన్ మీద ఎడమ తొడ బలం కుడిదానిలో 81 శాతం వచ్చింది. ఫిజియో వద్దన్నారు. కోచ్ మాత్రం ఒక్క రోజు కనపడి పొమ్మంటున్నారు. ఈ ఏడాది తప్పితే మళ్ళీ ఫైనల్ ఇయర్‌లోనే. ఏమంటారు?

పాత_కార్నర్ | 13 అక్టోబర్ 2024

సెలక్షన్లో ఎవడూ మెల్లగా పట్టడు బాబూ. అక్కడున్న ప్రతి డిఫెండరూ సీటు కోసం వచ్చినవాడే. పైగా అది మ్యాట్. మట్టిలో పాదం కొంచెం జారి మెలిక వదులవుతుంది, మ్యాట్ మీద షూ పట్టేసుకుంటుంది, ఆ మెలిక అంతా మోకాలికే వెళ్తుంది. వద్దు. మీ కోచ్‌తో నేను మాట్లాడతాను, నంబర్ మెసేజ్ చేయండి.

ఫిజియో_ఓరుగల్లు | 14 అక్టోబర్ 2024

147ని 175తో భాగిస్తే 84 శాతం. గెంతులో, బలంలో రెండిట్లోనూ కనీసం 90 దాటాలని చూస్తాం. ఒక మెలిక కూడా ఉంది. కుడికాలు కూడా ఇన్ని నెలలు ఆటకు దూరంగా ఉంది కదా, అదీ కొంత తగ్గే ఉంటుంది. అంటే దానితో పోల్చి వచ్చిన 84 అసలు లెక్కలో ఇంకా తక్కువే. దూరం ఒక్కటే చూడకండి, ఎలా దిగుతున్నాడో వీడియో తీయండి. దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా? మడమ మీద గట్టిగా పడుతున్నాడా? అవి ఉన్నంతకాలం సంఖ్య ఎంతైనా నేను పంపను.

డాలస్_తెలుగు | 14 అక్టోబర్ 2024

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతున్నావని తెలుసు. ఇంకో ఏడాది ఉంది నీకు. ఆగు.

తెనాలి_అన్న | 22 అక్టోబర్ 2024

వెళ్ళలేదు. సెలక్షన్ రోజు పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం తనే ఫోన్ తెచ్చి నా చేతికిచ్చి, అరుగు మీద నుంచి దూకుతా వీడియో తీయమన్నాడు. స్లోమోషన్‌లో చూస్తే మేడమ్ చెప్పినట్టే ఎడమ మోకాలు లోపలికి వాలుతోంది. పది సార్లు తీశాం, చీకటి పడేదాకా.

ఫిజియో_ఓరుగల్లు | 23 అక్టోబర్ 2024

వీడియో చూశాను. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నాయి. పక్కకు అడుగులు వేసేటప్పుడు సైకిల్ ట్యూబు మోకాళ్ళ పైన కట్టించండి. ఒంటి కాలి మీద కుర్చీలోంచి లేవడం, అద్దం ముందు. ఆరు వారాల తర్వాత పట్లు మొదలుపెడదాం. ముందు కదలకుండా నిలబడి ఉంటే ఒకరు చీలమండ పట్టాలి. తర్వాత నడకలో. తర్వాత సగం వేగంలో. ఎప్పుడు పడతారో ముందే చెప్పి పట్టాలి. చెప్పకుండా పట్టడం ఆఖరు మెట్టు. ఏ పట్టులో తెగిందో ఆ పట్టును ఒళ్ళు మళ్ళీ నమ్మాలంటే అలాగే అలవాటు చేయాలి.

తెనాలి_అన్న | 8 జనవరి 2025

పదిన్నర నెలలు. నిన్న మళ్ళీ పరీక్షలు. కుడి 178, ఎడమ 166. తొడ బలం 92. అమ్మ టేపు మీద తేడా అర సెంటీమీటరు. సర్జన్, ఫిజియో ఇద్దరూ సరే అన్నారు, మొదటి మ్యాచ్‌లో సగం సమయమే ఆడమన్నారు. డిసెంబర్ నుంచి చీలమండ పట్టు ప్రాక్టీసు చేస్తున్నాడు. పట్టేది ఎవరనుకున్నారు? పోయిన కనుమకు పట్టిన ఆ ఎడమ కార్నర్ కుర్రాడే. ఆ రోజు నుంచి వాడికీ నిద్ర లేదట. తనే వచ్చి అడిగాడు.

ఫిజియో_ఓరుగల్లు | 8 జనవరి 2025

చాలా సంతోషం. వార్మప్ 15 నిమిషాలు, ఎంత తొందరున్నా. వారానికి రెండు రోజులు బలం వ్యాయామాలు ఆపొద్దు, రెండు కాళ్ళకీ. మ్యాచ్ మర్నాడు వాపు ఉందేమో అమ్మగారిని చూడమనండి.

తెనాలి_అన్న | 17 జనవరి 2025

మొన్న కనుమ. అదే కోర్టు. సెకండాఫ్‌లో దింపారు. మొదటి రైడ్‌కి వెళ్తుంటే అమ్మ లేచి నిలబడింది, నేను కూర్చోలేకపోయాను. బోనస్ గీత దాకా వెళ్ళాడు, కార్నర్ చెయ్యి చాపాడు, వీడు వెనక్కి తిరిగి వచ్చేశాడు. పాయింట్ రాలేదు. కానీ తిరిగింది ఎడమకాలి మీద.

నిన్న పొద్దున అమ్మ కొలిచింది. వాపు లేదు.

పాత_కార్నర్ | 17 జనవరి 2025

బాబూ, వీడియో ఉంటే పెట్టు. మా స్కూలు పిల్లలకు చూపించాలి.

కడప_కుర్రాడు | 18 జనవరి 2025

అన్నా, నాకు నిన్న వాలీబాల్‌లో చీలమండ మెలిపడింది, బాగా వాచింది. మడమ కింద దిండు పెట్టాను. మేడమ్, రేపు ఎవరికి చూపించమంటారు?

ఫిజియో_ఓరుగల్లు | 18 జనవరి 2025

నాలుగు అడుగులు వేయగలుగుతున్నావా తమ్ముడూ? చీలమండ పక్కనున్న ఎముక కొన మీద, వెనక అంచున వేలితో నొక్కితే నొప్పి ఉందా? ఈ రెండూ చూసి చెప్పు. నడవలేకపోయినా, ఎముక మీద నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే తీయించాలి.